కూలర్‌కు దిష్టి తగలొద్దని

నా పెండ్లి ధోతి చూసినోళ్లంతా "గిదేం రంగు బై?" అని అడుగుతుండ్రు. తెల్లదే కొన్న! మొన్న అచ్చంపేట తొవ్వల గిట్లైంది. చాయ్ సల్లారకముందే చెప్తా, వినుండ్రి.

మన వ్యాను సంగతి మీకు తెల్సు గద. మిలిటరీ వేలంల కొన్న ముసలిది. ఎండకాలం మిట్ట ఎక్కితే ఇంజన్ల నూనె కాగి నీళ్లోలె పల్చనైతది. గందుకే పెండ్లికి ముందే పట్నం పోయి రెండు సామాన్లు తెచ్చిన. ఒకటి ఆయిల్ గేజు, నూనె ఎంత జోరు మీద తిరుగుతాందో ముల్లుతోని చూపిస్తది. ఇంకోటి ఆయిల్ కూలర్, కాగిన నూనెను సల్లబరుస్తది. దాన్ని రేడియేటర్ ముంగట, గాలి తగిలే జాగల బిగించిన. మెకానిక్ ఎందుకు, మనకు రాదా! పెండ్లికొడుకును నేనే, డ్రైవర్‌ను నేనే. పిల్లనిచ్చే మామ నోరు తెర్సుకోని చూడాలె. గదీ నా సోకు.

జడ్చర్లల బయల్దేరంగ మా అవ్వ ఆ కూలర్‌ను చూసింది. "కొత్త సామాను ముంగటనే మెరుస్తాంది. దిష్టి తగుల్తది బిడ్డా, ఒక నల్లదారం కట్టు" అన్నది.

దారం ఎందుకు? బాపు నల్ల గొంగడి తెచ్చి, మడతల మీద మడతలేసి కూలర్‌కు కట్టిన! దాని మీద మామిడాకులు. ఇగ ఏ కన్ను పడ్డా ఫికర్ లేదు!

అచ్చంపేట ఇంక జరంత దూరం ఉందనంగ మిట్ట మొదలైంది. గేజు ముల్లు దిగుతాంది... దిగుతాంది... సున్న దగ్గర పోయి కూసున్నది. వ్యాను ఆపిన.

ఎనుకకెల్లి బాపు మొత్తుకున్నడు. "ఏమైందిరా? ముహూర్తం దాటితే ఎట్ల?"

నిజంగ భయమైంది. నూనె తిరగక ఇంజన్ బిగుసుకపోతే పెండ్లి తొవ్వలనే ఆగిపోతది! అయినా పైకి మాత్రం, "గేజే అబద్ధం చెప్తాంది బాపూ" అన్న.

గేజు ఎనుక సన్న రాగి గొట్టం ఉంటది. ఇంజన్ నడుస్తుండంగ దాని నట్టు వదులు చేస్తే నూనె వస్తాందో లేదో తెలుస్తది. మొకం దగ్గర పెట్టి తిప్పిన. బొట్లుబొట్లుగ కారుతాంది.

"అక్కా, జర ఆక్సిలేటర్ తొక్కు!" అన్న.

మా అక్క జన్మల బండి ముట్టలే. కొత్త పట్టుచీర కుచ్చిళ్లు పైకి చెక్కి, రెండు కాళ్లతోని తొక్కింది!

నూనె వచ్చింది! బొట్టు మీదికి, కండువ మీదికి, ధోతి మీదికి! "వస్తాంది, మస్తుగ వస్తాంది!" అని నేనే సంబురంగ ఒర్రిన.

సరిగ్గా అప్పుడే, మేం ఇంక రాలేదని పిల్ల తరఫోళ్లు ఎడ్లబండి కట్టుకోని, పానకం బిందెతోని ఎదురుకోళ్లకు అక్కడిదాంక వచ్చిన్రు. పిల్ల మేనత్త దిగి, "పెండ్లికొడుకేడి?" అన్నది. అందరు నా దిక్కు చూపిచ్చిన్రు.

"వారీ! నూనె మీరే పెట్టుకోని వచ్చిన్రా? ఇగ నలుగు మేం పెడ్తం తియ్యిండ్రి!"

అందరు పడిపడి నవ్వుడు. మామ నోరు తెర్సుకోని చూసిండు, నేను కోరుకున్నట్టే!

అవ్వ తట్టుకోలేక, "గా గొంగడన్న ఇప్పి మొకం తుడుసుకోరాదుర!" అన్నది. పోయి గుంజిన. అబ్బా, చెయ్యి సుర్రుమన్నది! మామిడాకులు వేపినట్లయినయి. అప్పుడు వెలిగింది నాకు. గాలి తగలాలని ముంగట పెట్టిన కూలర్‌కు మండుటెండల గొంగడి కప్పింది నేనే!

నట్టు బిగించిన. అందరు పానకం తాగేలోపట ఇంజన్ సల్లబడ్డది. మల్ల స్టార్ట్ చేస్తే ముల్లు ఎంత ముద్దుగ లేచిందో! ముహూర్తం అందుకున్నం. పంతులు మాత్రం మంత్రాలు జర దూరం జరిగి చదివిండు.

తిరిగి వచ్చేటప్పుడు కొత్త పెండ్లాం నా పక్కనే కూసున్నది. చానా సేపు గేజునే చూసింది. ఆఖరికి మెల్లగ అడిగింది.

"గేజు మంచిగనే ఉన్నది గద?"

"ఉన్నది."

"కూలర్?"

"మంచిగున్నది."

"ఇంజన్?"

"దానికేమైంది, మంచిగనే ఉన్నది."

"మరి ఖరాబైంది ఏంది?"

నేను ముల్లు దిక్కు చూసుకుంట బండి నడిపిన.