కండక్టరమ్మ ల్యాబు చూసొచ్చిన రోజు

కండక్టరమ్మ రిటైరై బస్సు దిగింది కానీ, ఆమె గొంతు ఇంకా దిగలేదు. వీధి చివరి ల్యాబులో వైరస్‌లు పెంచుతున్నారన్న మాట చెవిన పడగానే, సాయంత్రానికల్లా గోరంతను కొండంత చేసింది.

"మొన్నటి జబ్బు చాలదని ఇంకోదాన్ని వండుతున్నారట! అది కంటికి కనబడదు. అక్కణ్ణుంచి వచ్చినవాళ్లను గడప తొక్కనివ్వకండి" అని ఇంటింటికీ చెప్పింది. ల్యాబులో పనిచేసే సన్నపాటి అమ్మాయి ఆ వీధిలోనే అద్దెకుండేది. ఆమె కనబడితే చాలు, కండక్టరమ్మ ఎదురింటావిడ ముక్కు మూసుకునేది.

గొడవ ముదరకముందే ల్యాబువాళ్లు "మీలో ఒకరొచ్చి చూసుకోండి" అన్నారు. వీధంతా ఒకరి మొహాలొకరు చూసుకుని, చివరికి కండక్టరమ్మ మొహం చూశారు. ఆమెకు వెళ్లక తప్పలేదు.

లోపల ఆ సన్నపాటి అమ్మాయే దగ్గరుండి చూపించింది. "శుభ్రం చేయడానికి ఈ గది ఖాళీ చేశామండీ. ఇప్పుడిక్కడ ఏ వైరస్సూ లేదు. అయినా బయటికెళ్లేటప్పుడు తలస్నానం చేయాల్సిందే. పద్ధతి పద్ధతే."

కండక్టరమ్మ అద్దాల బీరువాలు, ఫ్రిజ్‌లు అన్నీ చూసి, "ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో చెయ్యి జారుతుంది. నేనూ తప్పు టికెట్లు కొట్టినదాన్నే. అప్పుడు మాకెవరు చెప్తారు?" అంది.

"పైవాళ్లకు చెప్తామండీ."

"పైవాళ్లు పైనుంటారు. కిందున్న మా సంగతేంటి?"

అమ్మాయి ఆ మాట చీటీ మీద రాసుకుని, స్నానాల గదికి దారి చూపించింది.

కండక్టరమ్మ తడిజుట్టుతో ఇల్లు చేరేసరికి తలుపు గడియపడి ఉంది. "స్నానం చేయించి మరీ పంపారంటే ఏదో అంటుకునే ఉంటుంది! గడప తొక్కనివ్వొద్దని నువ్వే అన్నావుగా" అన్నాడు భర్త కిటికీలోంచి.

"అక్కడ ఏమీ లేదయ్యా!"

"కంటికి కనబడదని కూడా నువ్వే అన్నావు వదినా" అంది ఎదురింటావిడ, ముక్కు మూసుకునే.

కండక్టరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. మెట్ల మీద కూలబడింది. కాసేపటికి పని ముగించుకుని అటుగా వచ్చిన అమ్మాయి సంగతి గ్రహించి ఆగింది. కండక్టరమ్మ జరిగి చోటిచ్చింది.

"నీకు రోజూ ఇంతేనా, తల్లీ?"

"అలవాటైపోయిందండీ."

"నా నోరే నీకింత తెచ్చింది" అని కండక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

అంతలో కిటికీలోంచి భర్త తల బయటికొచ్చింది. "ఏమే, బియ్యానికి నీళ్లెన్ని పోయాలి?"

"తలుపు తీస్తే చెప్తా."

గడియ చప్పుడైంది. ఆకలి ముందు ఏ వైరస్ భయం ఆగుతుంది?

ఆ తర్వాత అమ్మాయి ల్యాబులో పైవాళ్లతో పట్టుబట్టి మాట్లాడింది. ఏం జరిగినా ముందు వీధికి ఫోన్ చేసేలా ఒప్పించింది. ఆ ఫోను కండక్టరమ్మకే వచ్చేది. ఒకసారి కరెంటు పోయి ఫ్రిజ్ అలారం మోగితే, ఏమీ బయటికి రాలేదని ల్యాబువాళ్లు వెంటనే ఫోన్ చేసి చెప్పారు. ఆమె చెప్పులైనా వేసుకోకుండా ఇంటింటికీ తిరిగి ఆ మాట చేరవేసింది. వీధి కుదుటపడింది. ఆమె భర్త మాత్రం ఎందుకైనా మంచిదని ఆ రోజు రెండుసార్లు స్నానం చేశాడు.