గోల్ఫ్ సంచికి నైరుతి మూల

అగ్గిపెట్టె చూసి మొదట నవ్వాను.

"ఈ వయసులో చుట్టలు మొదలెట్టావా బావా?" అన్నాను.

బావ నవ్వలేదు. గుడివాడలో వాళ్ళింటి వరండాలో చాప మీద అతని గోల్ఫ్ సంచి పడుకోబెట్టి, జేబులు ఒక్కొక్కటే ఖాళీ చేస్తున్నాను. అతను కుర్చీలో కూర్చుని కుడిచేతి వేళ్ళు మూసి తెరుస్తున్నాడు. పోయినేడు ఒక పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఉండగానే ఆ చెయ్యి పడిపోయింది. పక్షవాతం, స్వల్పంగా వచ్చిందన్నారు. మాట తిరిగొచ్చింది, నడక వచ్చింది, చెయ్యీ చాలావరకు వచ్చింది. మనిషి మాత్రం గడప దాటడం మానేశాడు.

అతన్ని బయటికి లాగింది ఈ ఆట ఒక్కటే. ఊరి అవతల ఒక చేపల రైతు, నష్టమొచ్చి ఎండగట్టిన చెరువును మెరక చేసి, గడ్డి పెంచి, తన సరదా కొద్దీ నాలుగు గుంటలు తవ్వి నాలుగు జెండాలు పాతాడు. దాన్ని గోల్ఫ్ కోర్సు అంటే ఆ ఆట పుట్టించినవాళ్ళు నొచ్చుకుంటారేమో. అయినా ఒక డాక్టరూ, ఒక రైసుమిల్లు ఆయనా, మా బావా పొద్దున్నే అక్కడ చేరతారు. బంతి కాస్త వంకరపోతే పక్క రొయ్యల చెరువులో మునుగుతుంది. సంచి మోయడానికి మనిషిని పెట్టుకోమంటే బావ ఒప్పుకోడు. చేతికి పని చెప్పమని డాక్టరే అన్నాడంటాడు.

ఆ సంచే అతన్ని పడేసింది. "గట్టు మీద అది లాగేస్తే దొర్లిపోయారు అన్నయ్యగారూ," అని అతని భార్య ఫోన్ చేసింది. "ఇంకొక్కసారి పడ్డారంటే ఆ కర్రలన్నీ పాత ఇనపసామానువాడికి వేసేస్తాను. మీరొచ్చి ఆ బరువేదో తగ్గించండి. నా మాట వినరు." ఆమె అన్నదంటే చేస్తుంది. ఆట పోతే బావ మళ్ళీ గదిలో గోడకేసి తిరిగి పడుకుంటాడని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్లో ఒక వీడియో చూసి, ఏ కర్ర ఎక్కడుండాలో తెలుసుకుని, బందరు నుంచి మొదటి బస్సెక్కాను.

అగ్గిపెట్టె తరవాత కర్పూరం పొట్లం దొరికింది. పక్క జేబులో నీళ్ళసీసా ఉంది, అది సబబే. మరో జేబులో చెయ్యి పెడితే బరువుగా ఏదో తగిలింది. గుడ్డలో కట్టిన ఇసుక మూట! ఇనప తలల కర్రలన్నీ ఆ మూట వైపే ఒకే అరలో ఇరికించి ఉన్నాయి. సంచి నిలబెడితే అటే ఒరిగిపోతోంది.

"ఇసుకెందుకయ్యా?"

"అది తియ్యకు బావా."

అప్పుడు అర్థమైంది. నీళ్ళు ఈశాన్యం. నిప్పు ఆగ్నేయం. బరువు నైరుతి. గోల్ఫ్ సంచికి వాస్తు!

వాస్తు నమ్మేవాళ్ళు నాకు కొత్త కాదు. వీధికొకరున్నారు. నేను కొయ్యబారిపోయింది ఈ మనిషిని చూసి. ఇతను నాకు వరసకు బావ కాదు, హేతువాద ఉద్యమంలో ఒకరికొకరం బావలం. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. సెలవులొస్తే ఇద్దరం దివిసీమ ఊళ్ళు తిరిగేవాళ్ళం. నిమ్మకాయ కోస్తే నెత్తురెలా వస్తుందో నేను చేసి చూపిస్తే, వాస్తు మీద అతను మాట్లాడేవాడు. "బస్సు మలుపు తిరిగితే నైరుతి సీటువాడు ఈశాన్యంలో పడతాడు. వాడి జాతకం మారిపోయిందా?" అంటే జనం పడీపడీ నవ్వేవాళ్ళు. తోట్లవల్లూరు సభలో ఒక సిద్ధాంతి ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు.

"చెల్లెమ్మ పెట్టించిందా?" అని అడిగాను. కాదనకూడదని మనసులో ఎంతగా కోరుకున్నానో!

వంటింట్లోంచి ఆమే జవాబిచ్చింది. "నన్నెందుకు లాగుతారు అన్నయ్యగారూ? నేను శనివారం ఉపవాసముంటాను, దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. కర్రల సంచికి దిక్కులు చూపించేంత పిచ్చి నాకు లేదు."

"మరి ఎవరు?"

బావ తల వంచుకున్నాడు. "ఆయనే. తోట్లవల్లూరు సిద్ధాంతి. నేనే కబురు పెట్టాను."

ఓడిపోయినవాణ్ణి గెలిచినవాడే ఇంటికి పిలిపించుకున్నాడు! ఆయనకు ఈ ఆటేమిటో కూడా తెలియదట. సంచి చుట్టూ తిరిగి, మూతికి దిక్కులు గీసి, "కింద పెట్టినప్పుడల్లా నీళ్ళ జేబు ఈశాన్యానికి తిరిగి ఉండాలండీ" అని చెప్పి వెళ్ళాడట. ఇరుకు గట్టు మీద, వాలులో, బలం చాలని చేత్తో ఇతను సంచిని ఈశాన్యానికి తిప్పబోయి పడ్డాడన్నమాట!

"నిన్ను పడేసింది ఆ ఈశాన్యమే బావా! అదైనా కనపడలేదా?"

"కనపడింది."

"మరి?"

"చెయ్యి ఎందుకు పడిపోయిందని డాక్టర్ని అడిగాను. బీపీ అన్నాడు. బీపీ మన వీధిలో అందరికీ ఉంది. నాకే ఎందుకు? ఆ పొద్దునే ఎందుకు? చెప్పలేకపోయాడు. నువ్వు చెప్పగలవా? ఆయన చెప్పాడు. ఇంట్లో నైరుతి తేలికైందన్నాడు. నా వెంట తిరిగే సంచిలోనైనా బరువు అటే ఉండాలన్నాడు."

"కారణం తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిచోట అబద్ధాన్ని కూర్చోబెట్టడం తప్పు. ఈ మాట నీ నోటే విన్నాను."

"అన్నాను. అప్పుడు నా చేతులు రెండూ బాగున్నాయి."

నేను వాదించాను. గొంతు పెంచాను. వీధిలో పోయేవాళ్ళు తొంగి చూశారు. అతను ఒక్క మాటకూ అడ్డు రాలేదు. వేదిక మీద నన్నే తడబడేట్టు చేసిన మనిషి, బెత్తం దెబ్బలకు చెయ్యి చాచిన పిల్లాడిలా కూర్చున్నాడు. అది చూశాక నాకింకా భయమేసింది. ఇసుక మూట విప్పి తులసికోటలో పోసేశాను. అతను కళ్ళు మూసుకున్నాడు కానీ వద్దనలేదు.

సగం కర్రలు ఇంట్లోనే ఉంచేశాను. నాలుగు గుంటల ఆటకు అన్ని ఎందుకు? దూరం కొట్టే పొడుగువి భుజానికి తగిలించే పట్టీ వైపు, మధ్యరకానివి నడుమ, పొట్టివీ, బంతిని గుంటలోకి నెట్టే కర్రా ముందు వరసలో పెట్టాను. ఇలా ఉంటే ఒకటి తీయబోతే ఇంకొకటి చేతికి తగలదు, బరువు ఒక పక్కకు లాగదు. బంతులు అడుగు జేబులో వేశాను. సంచి నిటారుగా నిలబడింది. బావ భుజానికెత్తుకుని వరండాలో అటూ ఇటూ నడిచి, "తేలిగ్గా ఉంది," అని ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున అతని వెంట నేనూ వెళ్ళాను. చెరువుల మీంచి చల్లగాలి వీస్తోంది. మొదటి గుంట దగ్గర సంచి దించాడు. ఎండ ఎటునుంచి వస్తోందో చూసుకున్నాడు. వంగి, నీళ్ళ జేబును ఈశాన్యానికి తిప్పాడు. ఒళ్ళు తూలింది. పట్టుకున్నాను. నిలదొక్కుకున్నాక సంచిని వేరే వైపు తిప్పి పెట్టాను. అతను మళ్ళీ తిప్పాడు. నేనూ తిప్పాను.

"ఆడతారా, బొంగరాలాట పెట్టారా?" అని వెనకనుంచి మిల్లు ఆయన కేకేశాడు. "బావలిద్దరూ తప్పుకుంటే మేం కొట్టుకుంటామండీ!"

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వు చెప్పేది నిజమని నాకు తెలుసు," అన్నాడు చిన్నగా. "తెలిసినా నా చేత్తో నేను తిప్పి పెట్టలేకపోతున్నాను. నువ్వు పెట్టు. నేను ముట్టుకోను."

ఇన్నేళ్ళ వాదాల్లో ఇలాంటి జవాబు నాకెవరూ ఇవ్వలేదు. తెలియనివాడికి చెప్పడం నేర్చుకున్నాను. తెలిసి కూడా వణికే చేతికి ఏం చెప్పాలో ఏ సభలోనూ నేర్చుకోలేదు.

నేనే సంచి పట్టుకుని, చదునుగా ఉన్నచోట, ఏ దిక్కో చూడకుండా నిలబెట్టాను. బావ దానివంక చూడకుండా చెయ్యి చాచి కర్ర తీసుకున్నాడు. అది సులువుగా పైకి వచ్చింది. కుడిచేతి వేళ్ళు ఒకసారి తెరిచి చూసుకుని, మూసి, బంతి దగ్గరికి నడిచాడు.