చెల్లెలి ఫిట్స్, రెండు క్యాలెండర్లు

సెల్‌ఫోన్లు మా కోడుమూరుకు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మాది బట్టల అంగడి. చెల్లెలికి ఇంటర్ మొదటి ఏడాదిలో ఫిట్స్ మొదలయ్యాయి. మూడోసారి కాలేజీలోనే పడిపోయేసరికి నాయన చదువు మాన్పించాడు. "అమావాస్య వస్తే సాలు, పడ్తాది. బిడ్డను ఇంట్లోనే ఉండనీ" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు మాత్రం అదంతా నాటకంలా ఉండేది. సరిగ్గా పనున్న రోజే పడిపోతుందేమిటని ఒళ్ళు మండేది.

కర్నూలులో మెదడు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. నెలసరి తేదీలు చెప్పమని ఆమె అడగ్గానే నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అట్లాంటివి గుర్తుండవు మేడం" అంది. ఎంత అబద్ధం! వ్రతాలకూ శ్రీశైలం ప్రయాణాలకూ అడ్డం రాకూడదని మా ముగ్గురి ముట్టు రోజులకూ వంటింటి క్యాలెండరులో ఒక్కొక్కరికి ఒక్కో మూల పసుపు చుక్కలు పెట్టేది తనే. చెల్లెలు పడిపోయిన రోజులు నాయన అంగడి క్యాలెండరులో రాసేవాడు. ఆ రెండూ ఎప్పుడూ ఒకచోట చేరలేదు.

మరుసటి వారం అందరం మళ్ళీ వెళ్ళేటప్పుడు రెండింటినీ సంచిలో పెట్టుకుపోయాను. డాక్టరమ్మ పక్కపక్కన పరిచింది. అమావాస్య ఒక్కసారే కలిసింది. ఫిట్స్ దాదాపు అన్నీ చెల్లెలి చుక్కలకు ఒకటి రెండు రోజుల ముందే ఉన్నాయి.

"మెదడు కణాలు రెచ్చిపోకుండా బ్రేకులా అణిచే రసాయనం ఒకటుంది. అది పనిచేసే చోట్లను గ్రాహకాలంటాం. మెదడు తయారు చేసుకునే ఒక స్టెరాయిడ్ ఆ గ్రాహకాలకు అతుక్కుంటే బ్రేకు ఇంకా గట్టిగా పడుతుంది. నెలసరి ముందు ఆ స్టెరాయిడ్ తగ్గిపోతుంది. అందరూ తట్టుకుంటారు, ఈ పిల్లకు బ్రేకు చాలదు" అంది.

"స్టెరాయిడ్లా! అవి పైల్వాన్లు తినేటివి గదా మేడం, మా బిడ్డ యాడ తినింది?" అంది అమ్మ.

డాక్టరమ్మ నవ్వింది. "ఇది అందరి తలలోనూ ఉండేదే" అంటూ ఆ రోజులకు మందు పెంచి రాసింది. నాయనను లోపలికి పిలిచి, కాలేజీకి పంపమని గట్టిగా చెప్పింది. సరేనన్నాడు గానీ, అప్పటికే ఒక ఏడాది పోయింది.

తిరుగు బస్సులో నాకు సంతోషం ఆగలేదు. "ముందే తెలిసుంటే ఏడాది పోయేది కాదు గదే" అన్నాను చెల్లెలితో.

అది కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. "రెండోసారి పడినప్పుడే నీకు చెప్తి గదక్కా, ముట్టు ముందర వస్తాందని. నాయన వింటాడు, నోరు మూసుకోమంటివి."

అన్నాను. నాకు బాగా గుర్తుంది.