మధ్యలో క్రేన్ దిగిన మనిషి

మా బావ క్రేన్ నడుపుతాడు. కడుతున్న భవనం కన్నా ఎత్తైన ఇనుప స్తంభం మీద, ఒక్క మనిషి పట్టే గాజుగదిలో, పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా అక్కడే. కింద కొక్కేనికి బరువులు తగిలించి, ఎటు తిప్పాలో వాకీటాకీలో చెప్పేది నేను. మా అక్కను చేసుకున్నాడు కాబట్టి ఇంట్లో పెత్తనం ఆయనది. పనిలో మాత్రం నేను ఆపమంటే ఆయన ఆపి తీరాలి. ఆ ఒక్క సుఖమైనా దేవుడు నాకిచ్చాడు.

క్రేన్ వాళ్లకో రోగముంది. దాన్ని వాళ్లు పౌరుషం అంటారు. ఎక్కినవాడు మధ్యలో దిగకూడదు. దిగితే పనంతా ఆగిపోతుంది, కిందవాళ్లు "దారివ్వండర్రా, దొరగారికి అర్జెంటట" అని ఇకిలిస్తారు. అందుకని వీళ్లు నీళ్లు తాగరు, సరిగ్గా తినరు, వచ్చినదాన్ని బిగబట్టుకుంటారు. మొలలు లేని ఆపరేటర్ వాళ్లలో దొరకడు. కొత్తవాడికి మొదటిసారి రక్తం పడితే పాతవాళ్లు "ఇప్పుడయ్యావురా ఆపరేటరువి" అని భుజం తడతారు.

మరి బావకు రక్తం పడితే ఏమనుకుంటాడు? అందరికీ ఉండే మొలలే, సీటు రోగం అనుకున్నాడు. ఏదో ఆయింట్‌మెంటు రాసుకుని ఊరుకున్నాడు. ఎన్నిసార్లు దొడ్డికి వెళ్లొచ్చినా ఇంకా మిగిలిపోయినట్టే ఉండేదట. మనిషి చిక్కిపోయాడు, బెల్టుకు కొత్త రంధ్రాలు పడ్డాయి. అక్క నిలదీస్తే "ఎత్తులో కూర్చునేవాడికి అంతేలే" అన్నాడు. ఎత్తులో కూర్చుంటే మనిషి చిక్కిపోతాడా అండీ? నాకు ఒళ్లు మండిపోయింది. ఒక సాయంత్రం దిగుతూ దిగుతూ నిచ్చెన దగ్గర తూలాడు. ఇక మాట్లాడనివ్వకుండా రెక్క పుచ్చుకుని ఆస్పత్రికి లాక్కుపోయాను.

డాక్టరమ్మ కెమెరా గొట్టంతో లోపలికి చూసింది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది, స్కాన్లు చేయించింది. ఆ తర్వాత అక్కనూ పిలిపించి, మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. ఏళ్ల కిందటే పేగు లోపలి పొర మీద చిన్న బుడిపె లేచి ఉంటుంది. అప్పుడే చూసుంటే ఈ గొట్టంతోనే తుంచేసేవాళ్లం. అది మెల్లగా కేన్సరై పేగు గోడలోకి దిగింది, పక్కనున్న గ్రంథుల్లోకి పాకింది. లివర్‌కీ ఊపిరితిత్తులకీ మాత్రం పోలేదు."

"అంటే ఎన్నో అంతస్తులో ఉన్నామమ్మా?" అన్నాడు బావ.

"మూడోదాంట్లో. నాలుగోది ఎక్కనివ్వకూడదు" అందామె, నవ్వకుండా.

ముందు రేడియేషన్, దాంతోపాటు మాత్రలు, గడ్డ చిన్నబడటానికి. ఆపైన ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేసి పేగును మళ్లీ కలుపుతారు. కలిపినచోట మానేదాకా పొట్ట మీద సంచి ఉంటుంది, మలం అందులోకి వస్తుంది. తర్వాత సెలైన్‌లో మందులు. "మాటివ్వలేను గానీ, నయం చెయ్యాలనే మొదలుపెడుతున్నాం" అంది.

అన్నీ బుద్ధిగా విన్న మనిషి సంచి అనగానే లేచాడు. "పొట్టకు సంచి కట్టుకుని నిచ్చెనెలా ఎక్కుతాను? నాకొద్దు."

ఏనాడూ గొంతు పెంచని మా అక్క అప్పుడు కూడా పెంచలేదు. "కూర్చోండి. క్రేన్ ఎక్కకపోతే మీరేం చచ్చిపోరు. ఈ గదిలోంచి బయటికెళ్తే చచ్చిపోతారు. నన్నడక్కుండా ఆ పని చేస్తానంటే ఊరుకోను" అంది. బావ కూర్చున్నాడు.

రేడియేషన్‌కి చర్మం కమిలింది. ఆపరేషనైన కొత్తలో సంచి వైపు చూడటానికే ఇష్టపడేవాడు కాదు. మార్చడం నర్సు దగ్గర అక్కే నేర్చుకుంది. ఓరోజు చూద్దామని వెళ్తే, మంచం మీద కూర్చుని తనే మార్చుకుంటున్నాడు. "దీనికి పేరు పెట్టానురా, బామ్మర్ది అని. ఎప్పుడూ నన్నంటిపెట్టుకునే ఉంటుంది, నలుగురూ ఉన్నప్పుడే నోరు విప్పుతుంది" అన్నాడు. నేను మొహం మాడ్చుకున్నాను. బయటికొచ్చాక మాత్రం కళ్లు తుడుచుకున్నాను. ఈ మనిషి బతుకుతాడని నాకు ఆరోజే నమ్మకం కుదిరింది.

సెలైన్ మందులు ఇంకో తీరు పరీక్ష పెట్టాయి. చల్లటి ఇనుము తగిలితే కరెంటు కొట్టినట్టుండేది, పోనుపోను వేళ్లు మొద్దుబారాయి. చొక్కా గుండీ దొరికేది కాదు. బరువు ఊగుతోందో లేదో క్రేన్ మీట మీదున్న వేళ్లకే ముందు తెలియాలి; అవే పోతే బావ బతికినా క్రేన్ దక్కదు. డాక్టరమ్మ ఆ మందు తగ్గించింది. వేళ్లకు పని చెప్పాలని ఇంట్లో కూర్చుని పప్పులూ బటన్లూ ఏరేవాడు, చేతులు పిసుక్కునేవాడు. నెలలు గడిచేకొద్దీ స్పర్శ వచ్చింది, పూర్తిగా కాకపోయినా పనికి సరిపడా. సంచి తీసేసి పొట్ట మీది దారి మూసేశారు. స్కాన్లో ఎక్కడా జాడ లేదు. "ఏళ్ల తరబడి పరీక్షలకు రావాలి. మోషన్ మునుపటిలా చెప్పి రాదు, వస్తే ఆపుకోవద్దు" అంది డాక్టరమ్మ.

కంపెనీ వాళ్లు ముందు నేల మీదుండే చిన్న క్రేన్ నడిపించి చూసి, సరేనన్నారు. పైకెక్కిన మొదటి పొద్దున పనివాళ్లంతా తలలెత్తి నిలబడ్డారు. పొడవాటి ఇనుప దూలం లేపి, నేను చూపించిన చోట పసిపిల్లను పడుకోబెట్టినట్టు దించాడు. నా ఛాతీ ఇంత వెడల్పైంది.

కాసేపటికి వాకీటాకీలో బావ గొంతు, అందరికీ వినపడేలా: "క్రేన్ ఆపుతున్నా. లెట్రిన్‌కి పోవాలి. దిగుతున్నా."

ఏ వెధవ నవ్వుతాడో చూద్దామని పళ్లు బిగించి నిలబడ్డాను. ఒక్కడూ నవ్వలేదు. బావ తీరిగ్గా దిగి, తల పైకెత్తుకుని వెళ్లొచ్చాడు.

వచ్చేసరికి నిచ్చెన దగ్గర రెండో క్రేన్ ఆపరేటర్ ఉన్నాడు. డేగ అంటాం వాణ్ణి. వాడూ మధ్యలోనే దిగొచ్చాడు. "అన్నా, నాకూ రక్తం పడుతోంది. సీటు రోగమే అనుకుంటున్నా."

"అయ్యుండొచ్చు. అది నువ్వూ నేనూ తేల్చేది కాదు" అని బావ అక్కడికక్కడే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

పరీక్ష రోజు డేగ పక్కన బావే కూర్చున్నాడు. లోపల దొరికింది బుడిపె ఒక్కటే. గొట్టంతోనే తుంచేశారు. పరీక్షకు పంపితే కేన్సర్ లేదని తేలింది. ఆ సంగతి చెప్పగానే మా బావ, కత్తికీ సూదికీ కన్నీటిచుక్క రాల్చని మనిషి, ఆస్పత్రి వరండాలో గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.