రెండు బొల్లారాలు

అది 2022 వానాకాలం. పటాన్‌చెరులో, మందుల కంపెనీలకు సరుకు చేరవేసే ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో నేను డిస్పాచర్‌ని. ఏ బండి ఎక్కడికి వెళ్లాలో చెప్పి, అది చేరేదాకా కనిపెట్టుకుని ఉండడం నా పని. అంతకుముందు ఆ పని రెండు ఫోన్లతో, ఒక రిజిస్టరుతో నడిచిపోయేది. ఆ ఏడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది.

బండి చేరాల్సిన చోట మ్యాప్‌లో పిన్ పెట్టి, దాని చుట్టూ ఒక గీత గీస్తాం. దాన్ని జియోఫెన్స్ అంటారు. బండి దారి తప్పినా, చెప్పకుండా ఆగినా, సరుకు దించకుండా ఆ గీత దాటి బయటికొచ్చినా డ్రైవరు పేరు మీద ఎర్ర గుర్తు పడుతుంది. మూడు పడితే అతని ఐడీ దానంతటదే బ్లాక్ అవుతుంది. ఐడీ లేకపోతే ట్రిప్పు లేదు, జీతమూ లేదు. డ్రైవర్లతో వాదన తప్పిందని నాకది తెగ నచ్చింది.

యాదగిరిది గుమ్మడిదల. యాభై దాటిన మనిషి, రీఫర్ బండి, అంటే కూలింగ్ ఉన్న లారీ నడిపేవాడు. అప్పటికే అతనికి రెండు ఎర్ర గుర్తులున్నాయి. ఒకటి పంక్చర్‌కి, ఒకటి ముత్తంగి దగ్గర చాయ్‌కి.

ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయం నుంచి చల్లగా ఉంచాల్సిన ముడిసరుకు తీసుకుని బొల్లారం కంపెనీకి వెళ్లాలి. సాయంత్రం అయిదు దాటితే వాళ్లు సరుకు దించుకోరు. మధ్యాహ్నం బండి ఔటర్ రింగురోడ్డు నుంచి సుల్తాన్‌పూర్ దగ్గర కిందికి దిగింది. నా స్క్రీన్ మీద హెచ్చరిక మోగింది. వెంటనే ఫోన్ చేశాను.

"యాదగిరన్నా, ఎటు పోతున్నవ్?"

"బొల్లారమే పోతున్న మేడం."

"బొల్లారం అటు కాదు. మ్యాప్ మేడ్చల్ దిక్కు చూపెడుతుంది."

"కంపెనీలన్నీ ఇటే ఉన్నయి గద మేడం. జెర సూడుండ్రి."

"మూడో గుర్తు పడితే నేనేం చెయ్యలేను. మ్యాప్ చెప్పినట్టు పో."

నా గొంతు కొంచెం లేచింది. ఫోన్ పెట్టేసి, ఎందుకైనా మంచిదని వాట్సాప్‌లో ఇంగ్లీషులో రెండు ముక్కలు కూడా కొట్టాను. బండి తిరిగి ఔటర్ ఎక్కింది. హెచ్చరికతోనే సరిపోయింది, గుర్తు పడలేదు. పని తెలిసినదాన్నని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడున్నరకు స్క్రీన్ మీద పచ్చ రంగు వచ్చింది, బండి చేరినట్టు. కాసేపటికి కంపెనీ స్టోర్స్ నుంచి ఫోన్: "మేడం, బండెక్కడ?"

అప్పుడు చూశాను పిన్‌ని. అది సికింద్రాబాద్ పక్కన కంటోన్మెంట్ బొల్లారంలో ఉంది. మా బొల్లారం పటాన్‌చెరుకు పక్కనే. పేరు ఒకటే. సాఫ్ట్‌వేర్ చూపించిన మొదటి పేరు మీద పొద్దున నేనే ఓకే నొక్కాను. బీరంగూడలో పుట్టి పెరిగిన నాకు రెండు బొల్లారాలూ తెలుసు. తెలిసీ చూసుకోలేదు. యాదగిరికి ఫోన్ చేసి బండి తిప్పమన్నాను గానీ, తప్పెవరిదో చెప్పలేదు.

యాదగిరి వానలో బండి తిప్పుకుని అయిదుకు పది నిమిషాల ముందు అసలు గేటు చేరాడు. కూలింగ్ చెడలేదు, సరుకు దించుకున్నారు. కానీ దించకుండా గీత దాటాడని సాఫ్ట్‌వేర్ మూడో గుర్తు వేసింది. ఐడీ బ్లాక్ అయింది.

దానికి నేను కారణం నింపాలి. ఫారంలో మూడే ఉన్నాయి: డ్రైవరు, బండి, రోడ్డు. ఆఫీసు అనేది లేదు. నాకు భయమేసింది. డ్రైవరు మీద నొక్కాను.

నాలుగో రోజు యాదగిరి ఆఫీసుకొచ్చాడు. కోపంగా లేడు. ఫోన్ నా ముందు పెట్టాడు.

"మేడం, గా రోజు మీరు ఇంగ్లీషుల ఏందో పంపిండ్రు. నాకు సదవరాదు. నేనేం తప్పు చేసిన్నో దాంట్ల రాసే ఉంటరు. జెర సదివి చెప్పుండ్రి, ఇంకోపారి గట్ల చెయ్య."

నా మెసేజే. సుల్తాన్‌పూర్ దగ్గర దిగొద్దు, మ్యాప్ చూపించిన చోటికే వెళ్లు, ఇది నా ఆర్డర్ అని ఉంది. కింద నా పేరు, టైము. తెలుగులో చదివి చెప్పాను.

యాదగిరి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"అంటే మేడం, మీరు చెప్పినట్టే పోయిన గద?"

"అవునన్నా. తప్పు నాదే."

"గట్లనా! నాలుగు దినాల సంది ఇంట్ల పరేషాన్ అయితున్న మేడం. ఎవలన్న సూస్తే ఇజ్జత్ పోతదని సదువుకున్న నా బిడ్డకు గూడ సూపెట్టలే."

అతన్ని కాపాడే రుజువు నాలుగు రోజులు అతని జేబులోనే ఉంది. అది తన నేరపత్రం అనుకుని దాచుకున్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ మెసేజ్‌ని అతని ఫోన్ నుంచే, అతని ముందే హెడ్డాఫీసుకు పంపించాను. సాయంత్రానికి ఐడీ తెరుచుకుంది. నాకు మెమో వచ్చింది. తీసుకున్నాను.

ఫారంలో నాలుగో కారణం చేర్చమని అడుగుతూనే ఉన్నాను, ఇంకా చేర్చలేదు. నేను మాత్రం డ్రైవర్లకు ఇంగ్లీషులో రాయడం మానేశాను, తెలుగులో మాట్లాడి వాయిస్ పంపుతాను. బండి బయల్దేరేముందు ఎటు పోతున్నవన్నా అని అడిగి, వాళ్లు చెప్పింది విన్నాకే పిన్ మీద ఓకే నొక్కుతాను.