ఇంకా రాని దెయ్యాలు

మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా ర్యాప్ వీడియోలు తెగ చూసేది. అన్నింటిలోనూ పొగ, సమాధులు, కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయలు, హుడీల్లో ముఖం దాచుకున్న కుర్రాళ్లు, వాళ్ల వెనక చిందులేసే అస్థిపంజరాలు. వంటింట్లోంచి "ఆ గోల తగ్గించవే" అని నేనంటే, "గోల నహీ హై మమ్మీ, సునో తో" అనేది. నేను వినేదాన్ని కాదు.

ఆ ఏడు మా సొసైటీలో హాలోవీన్ అని దెయ్యాల పండగ సాయంత్రం పెట్టి, పిల్లలు తయారుచేసిన వీడియోలు తెర మీద వేస్తామన్నారు. తానొక పాట రాశానని, ఎదురు టవర్‌లో తీస్తానని మా అమ్మాయి చెప్పింది.

దేశ రాజధాని పక్కనున్న వైశాలిలో మాది అద్దె ఇల్లు. మా బాల్కనీకి ఎదురుగా సగంలో ఆగిపోయిన టవర్ ఒకటుంది. అందులో తొమ్మిదో అంతస్తులో మాకో ఫ్లాట్ ఉంది, కాగితం మీద. మా ఇల్లు లేవడం కళ్లారా చూసుకోవచ్చని, అమ్మాయి ఉయ్యాలలో ఉన్నప్పుడు ఇక్కడ అద్దెకు దిగాం. తర్వాత పని ఆగిపోయింది. ఎవరైనా ఆ ఊసెత్తితే మా ఆయన టీవీ శబ్దం పెంచేవారు. పిల్ల దగ్గర మేమెప్పుడూ ఆ సంగతి మాట్లాడలేదు.

"అక్కడికెందుకే, ఏదైనా మీద పడితే?"

"కిందే తీస్తాం మమ్మీ. గార్డ్ భయ్యాని అడిగాను. ఔర్ ఏక్ భూత్ చాహియే. దెయ్యంగా నువ్వు రా."

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాం. ఫోన్‌తో వీడియో తీయడానికి దాని క్లాసు అమ్మాయి ఒకతె వచ్చింది. దీపావళి పొగ ఇంకా విడలేదు. నాలుగు గజాల అవతల ఏముందో కనిపించడం లేదు. పై అంతస్తులు ఆ పొగలో కలిసిపోయి, అసలు ఎక్కడ ఆగిపోయాయో తెలియడం లేదు. నేను తెల్ల చీర కట్టుకున్నాను. ఆ పిల్ల నా ముఖానికి పౌడరు దట్టించి, కళ్ల కింద కాటుక పులిమింది. నాకు నవ్వాగలేదు.

"ఏం చెయ్యమంటావు? జుట్టు విరబోసుకోనా?" అని మా అమ్మాయిని అడిగాను.

"నహీ. యే కిచెన్ హై. రోజూ చేసేదే చెయ్యి."

కింద ఫ్లాట్లూ మా ప్లాను ప్రకారం కట్టినవే. గోడలున్నాయి, తలుపులూ కిటికీలూ లేవు. పొయ్యి కిటికీ కింద పెట్టించాలని ఎప్పుడో ప్లాను చూసి అనుకున్నాను. చెయ్యి దానంతటదే అటు పోయింది. లేని పొయ్యి వెలిగించి, లేని మూకుడులో పోపు వేశాను. స్పీకరులో డప్పులాంటి మోత మొదలైంది. మా అమ్మాయి హుడీ కప్పుకుని నా వెనక నుంచి నడిచొచ్చి పాట అందుకుంది.

అది హిందీ పాట. తొమ్మిదో అంతస్తులో ఒక పిల్ల ఉంటుంది. తన గది పైకప్పుకి మెరిసే నక్షత్రాలు అంటించుకుంటుంది, తలుపు మీద తన ఎత్తు గీసుకుంటుంది, అమ్మ అన్నానికి పిలిస్తే పరుగెత్తుతుంది. తాను అక్కడ లేనని ఆ పిల్లకి తెలియదు. మధ్యలో ఒక్క మాట తెలుగులో వచ్చింది: "మేం చచ్చినవాళ్లం కాదు, ఇంకా రానివాళ్లం."

అన్నీ దీనికి తెలుసు. మేం చెప్పకుండానే ఇన్నేళ్లూ ఆ ఇంట్లో బతికింది. నేను కదలడం మానేశానని చూసి, పాట ఆపకుండానే, కానివ్వమని చేత్తో సైగ చేసింది. నేను మళ్లీ పోపు కలిపాను.

హాలోవీన్ సాయంత్రం సొసైటీ హాల్లో పుర్రె ముసుగుల పిల్లలు కుర్చీల మధ్య పరుగులు తీస్తున్నారు. మా వీడియో మొదలయ్యాక పెద్దవాళ్ల మాటలు ఆగిపోయాయి. వాళ్లలో సగం మందికి మాలాగే ఆ టవర్‌లో కాగితం మీద ఫ్లాట్లున్నాయి. అయిపోయినా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచారు.

"బేటా, మాది పాంచ్వీ మంజిల్. హమే భీ భూత్ బనా దోగీ?"

తమది ఐదో అంతస్తని, తమనీ దెయ్యాలని చేస్తావా అని అడిగారు. ఆయన వెనక ఇంకొకరు, తర్వాత మరొకరు.

మరుసటి ఆదివారం ఆ టవర్ కింద ఎన్ని కుటుంబాలో. అందరూ తెల్ల బట్టల్లో వచ్చారు. పెద్దాయన కుర్చీ వేసుకుని పేపరు తెరిచారు. ఒకావిడ తలుపు లేని గడప ముందు చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. స్నానం చెయ్యమని పదిసార్లు చెబితే గానీ కదలని నా కూతురు, "అంకుల్, హసియే మత్, నవ్వకండి. ఆంటీ, ఇంకోసారి రండి" అంటుంటే, ఇంతమంది పెద్దలూ నోరెత్తకుండా దాని మాట విన్నారు.

మా ఆయన్ని నేను పిలవలేదు. ఆఫీసుకి వేసుకునే తెల్ల చొక్కాలో వచ్చి, పిల్ల పక్కన నిలబడ్డారు.

"నేనెక్కడుండాలమ్మా?"

అది పక్క గది వైపు చెయ్యి చూపింది. "పాపా, యే మేరా కమ్రా హై. నా గదిలో చలేస్తోంది. కిటికీ మూసెయ్."

ఆయన లోపలికెళ్లారు. గోడలో ఉన్న కంత ముందు నిలబడి, ఒక రెక్క లాగారు, రెండో రెక్క లాగారు, గడియ పెట్టారు. సరిగ్గా పడిందో లేదోనని ఒకసారి నెట్టి చూశారు.

"పాపా, ఏక్ బార్ ఔర్" అంది అమ్మాయి.

ఆయన గడియ తీసి, మళ్లీ మూశారు.