లేనాను చూపించి నన్ను ఆడించారు

ఉప్పల్ కోర్టులో ఆ ఉదయం సర్వీస్ కోసం వెనక్కి వంగగానే నడుము కింద ఏదో చిట్లినట్టయింది. బంతి పైకి లేచింది, నా రాకెట్ లేవలేదు. అప్పుడు నాకు పదిహేడేళ్లు. నాచారం ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్‌గా పనిచేసే మా నాన్న, నేను టెన్నిస్‌లో పైకొస్తానని నమ్మి ప్రాక్టీసుకు పంపేవాడు.

కోచ్ నెట్ అవతలి నుంచే అరిచాడు. "ఏందే నాటకాలు? లేనాను సూడు. నడుము నొస్తున్నా క్వార్టర్ ఫైనల్ ఆడింది. నువ్వు జర పట్టేస్తే ఏడుస్తవ్!"

లేనా స్విట్జర్లాండ్ ప్రొఫెషనల్. జూనియర్స్‌లో టైటిళ్లు గెలిచి, ఇరవై నిండకముందే పేరున్న ప్లేయర్లను ఓడించింది. ఆమె ఆట నాకు ప్రాణం. కానీ కోచ్ నోట వినీ వినీ ఆ పేరంటేనే అసహ్యం పుట్టింది.

హాస్పిటల్‌లో డాక్టర్ నన్ను వంచి కూడా చూడలేదు. "ఎక్స్‌రే నార్మల్. మజిల్ స్పాజమ్, కండరం పట్టేసిందంతే, రెస్ట్ తీసుకో" అన్నాడు. కోచ్ ఆ రెస్ట్ కూడా ఇవ్వలేదు. పెయిన్ కిల్లర్లు మింగుతూ ఆడాను. చివరికి క్లాసులో బెంచీ మీద కూర్చోవడమే నరకమైంది.

ఆ చలికాలం హైదరాబాద్‌లో జరిగిన ఓ చిన్న టోర్నమెంట్‌కు లేనా వచ్చింది. డబుల్స్‌లో ఆమెకు జోడీ దొరక్కపోతే నిర్వాహకులు నన్ను కలిపారు. డ్రెస్సింగ్ రూమ్‌లో చూశాను: కిందికి వంగలేక, బెంచీ మీద వెల్లకిలా పడుకుని, కాలు దగ్గరికి లాక్కుని లేసులు కట్టుకుంటోంది.

నేను నడుము పట్టుకోవడం గమనించి ఇంగ్లిష్‌లో అడిగింది, ఎంఆర్ఐ తీయించావా అని. లేదన్నాను.

"నేనూ మొదట్లో తీయించలేదు. ఇంజెక్షన్లతో ఆడాను. అందరూ మెచ్చుకున్న ఆ క్వార్టర్ ఫైనల్ నాటికే ఎముక విరిగి ఉంది" అంది. తర్వాత ఆపరేషన్ అయింది, ర్యాంకింగ్ పడిపోయింది. మళ్లీ పైకి రావాలని ఇలాంటి టోర్నీలు తిరుగుతోంది. మేం మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాం. కొన్నాళ్లకే ఆమె రిటైరైంది. ఆ కబురు మాత్రం కోచ్ మాకెవరికీ చెప్పలేదు.

ఇంట్లో గొడవపడి ఎంఆర్ఐ తీయించుకున్నాను. ఈసారి స్పోర్ట్స్ గాయాలు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. "నడుము కింది పూస, ఎల్-ఫైవ్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్. రెండు పక్కలా పగిలింది. ఇంత లేటుగా తీసుకొస్తరా?" అని మండిపడ్డాడు.

"కోచ్ సారు నాటకమన్నడు సార్" అన్నాడు నాన్న.

"నొప్పి ఆయనకా, మీ బిడ్డకా?"

నెలల తరబడి నడుముకు బ్రేస్ వేసుకున్నాను. నొప్పి తగ్గగానే కోచ్ ఇంటికొచ్చాడు. "సెలెక్షన్లున్నయన్నా. బ్రేస్ తోనే ఆడనీ, ఏం గాదు" అని నాన్నను పట్టుకున్నాడు.

"మీ బిడ్డయితే గిట్లనే ఆడిపిస్తరా సారూ?" అని అమ్మ అడ్డం పడింది. నేను ఆడనన్నాను. ఇద్దరి మాటా ఎవరూ వినలేదు. సెలెక్షన్ల ఆశకు పడిపోయి నాన్నే నన్ను బండి మీద కోర్టుకు తీసుకెళ్లాడు. నాలుగు సర్వీసులు కొట్టానో లేదో, ఎడమ కాలు మొద్దుబారిపోయింది.

"స్పాండిలోలిస్థెసిస్, గ్రేడ్ వన్. ఎముక ముందుకు జరిగింది. ఇంకా జరిగితే ఆపరేషనే" అన్నాడు డాక్టర్. నాన్న వరండాలో కూర్చుని ఏడ్చాడు. నేను దగ్గరికి వెళ్లలేదు. చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు కూడా.

ఆపరేషన్ తప్పింది. ఏడాదికి పైగా ఫిజియోథెరపీ చేశాక నడక మామూలైంది. పోటీల ఆట మాత్రం అక్కడితో పోయింది.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది, నాకూ పెళ్లయింది. నాగోల్‌లో ఓ కాలనీ కోర్టులో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఎక్కువసేపు నిలబడితే నడుము ఇంకా లాగుతుంది. ఈమధ్య కోచ్ అక్కడికి వచ్చాడు, కొత్త అకాడమీ పెడుతున్నాడట.

"స్టేజ్ మీద నా స్టూడెంట్‌వని రెండు ముక్కలు జెప్పు బిడ్డా."

"నా ఎంఆర్ఐ గూడ తెచ్చి సూపియ్యాల్నా సార్?"

వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను ఆయన్ని క్షమించలేదు, క్షమించాలనీ లేదు.

ఆటలాడే పిల్లలున్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. వెనక్కి వంగితే నడుము నొస్తోందని బిడ్డ పదే పదే అంటుంటే, ఎక్స్‌రే నార్మల్ అన్న మాట దగ్గర ఆగిపోకండి. స్పోర్ట్స్ గాయాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఎంఆర్ఐ అవసరమేమో అడగండి. ఆ గదిలోకి కోచ్‌ను మాత్రం రానివ్వకండి.